తోటరాముడు, బాలచంద్రుడు: ఓ పల్నాటి ప్రేక్షకుడి ఆలోచనలు

మొన్న శనివారం రాత్రి మా పాపని పక్కన కూర్చోబెట్టుకుని 'పాతాళభైరవి' చూశాను. నాకిది ఎన్నోసారో లెక్కలేదు, తనకి మాత్రం మొదటిసారి. మూడు గంటల పైచిలుకు నలుపు తెలుపు సినిమా కదా, పది నిముషాల్లో లేచిపోతుందనుకున్నా. కదిలితే ఒట్టు! అంతా అయ్యాక మాత్రం ఒక ప్రశ్న వేసింది. "నాన్నా, బాలచంద్రుడికి కూడా పాతాళభైరవి కనబడుంటే చచ్చిపోయేవాడు కాదుగా?"

మాది నరసరావుపేట. (2022 ఏప్రిల్లో పల్నాడు జిల్లాకి మా ఊరే కేంద్రం అయింది లెండి.) మా ఇళ్ళల్లో రాజకుమారి కథకంటే ముందు కోడిపందెం కథ చెప్తారు. గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు, నాగమ్మ, బ్రహ్మనాయుడు, పందెంలో ఓడి ఏడేళ్ళ వలస, చివరికి కారంపూడి రణం. 12వ శతాబ్దపు దాయాదుల గొడవ. ఇప్పటికీ ఏటా కార్తీకంలో కారంపూడిలో ఆ వీరుల్ని తలుచుకుని ఉత్సవం చేస్తారు. శ్రీనాథుడిదని చెప్పే వీరచరిత్రని అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చు వేయించారు.

ఇక సినిమాల సంగతి. నేనేమీ సినిమా పండితుణ్ణి కాను, పగలంతా కోడ్ రాసుకునేవాణ్ణి. కానీ ఒక తమాషా గమనించాను. 1942లో జెమినీ వారి 'బాలనాగమ్మ'లో మాయలమరాఠీ వేసింది గోవిందరాజుల సుబ్బారావుగారు. 1947 'పల్నాటి యుద్ధం'లో బ్రహ్మనాయుడూ ఆయనే! అందులో బాలచంద్రుడు అక్కినేని. ఆ సినిమా తీస్తుండగానే గూడవల్లి రామబ్రహ్మంగారు పోతే ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశారు. ఆ తర్వాత అక్కినేని 'బాలరాజు' (1948), 'కీలుగుర్రం' (1949) లాంటి జానపదాల్లోకి వెళ్ళారు. 1951లో తోటరాముడైన ఎన్టీఆర్ 1966 'పల్నాటి యుద్ధం'లో బ్రహ్మనాయుడయ్యారు. అంటే మన సినిమావాళ్ళకి మాయల కథకీ మా పల్నాటి కథకీ మధ్య గోడేమీ లేదన్నమాట. మరి రెండోది చూసి ఏడుస్తూ, మొదటిది చూసి నవ్వుతూ ఎందుకు బయటికొస్తాం?

'పాతాళభైరవి' విడుదలైంది 1951 మార్చి 15న. విజయా వారి సినిమా, కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి రాత. కంప్యూటర్లు లేని రోజుల్లో మార్కస్ బార్ట్లే కెమెరా చేసిన మాయలు ఇప్పటికీ నమ్మేలా ఉన్నాయి. 1952లో మనదేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంలోనూ దీన్ని చూపించారు. మాంత్రికుడిగా ఎస్వీఆర్ గురించి చెప్పేదేముంది! రాజుగారి బావమరిది హాస్యం అక్కడక్కడా సాగిందని మాత్రం నాకనిపించింది.

నా అభిప్రాయంలో అసలు సినిమా రెండో సగంలోనే ఉంది. మాలికొడుక్కి ప్రతిమ దొరికి మేడ లేచినప్పుడు గొప్పేముంది, అది భైరవి గొప్ప. ప్రతిమ పోయి, మేడ పోయి, రాజకుమారీ పోయాక వాడేం చేశాడన్నది కథ. ఒంటరిగా కత్తి దూసుకుంటూ పోలేదు. పక్కన అంజి ఉన్నాడు. ఆ అంజి సదాజప వేషంలో మాంత్రికుడి కొంపలో చేరి బుర్ర వాడబట్టే పని జరిగింది.

ఇప్పుడు బాలచంద్రుడి సంగతి చూడండి. ఆయనకీ ఓ అంజి ఉన్నాడు, అనపోతు. బ్రాహ్మణ స్నేహితుడు, యుద్ధంలో చావకూడదని ఏదో సాకు చెప్పి వెనక్కి పంపేశాడు. సంగతి తెలిసిన అనపోతు తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడు. ప్రేమతోనే పంపాడు, కాదనను. కానీ రణానికి ముందే బాలచంద్రుడు ఒంటరివాడైపోయాడు.

చిన్నప్పుడు ఇది విన్నప్పుడల్లా రొమ్ము విరుచుకునేవాణ్ణి. పల్నాడోణ్ణి కదా! హాస్టల్లో ఆ పౌరుషం చూపించబోయి, ఆపడానికొచ్చిన స్నేహితుణ్ణి "నువ్వు పక్కకి పో" అన్నాను. తర్వాత వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు. గొడవ దేనిగురించో ఇప్పుడు గుర్తు కూడా లేదు. వాడు మాత్రం గుర్తున్నాడు.

అందుకే పాపకి ఇలా చెప్పాను. "భైరవి కాదమ్మా, బాలచంద్రుడు అనపోతుని పక్కన ఉంచుకుని, వాడి మాట వినుంటే ఏమయ్యేదో."

కాసేపు ఆలోచించి, "అయితే ఈసారి ఆ కథ అట్లా చెప్పు" అంది. వీరచరిత్రని మార్చే ధైర్యం నాకు లేదు. వచ్చే శనివారం 'కీలుగుర్రం' పెడతానని తప్పించుకున్నాను.