కారణాంకం చూపకుండా తేల్చిన లెక్క

67 రెళ్ళను హెచ్చవేసి, వచ్చిన లబ్ధంలోంచి ఒకటి తీసేస్తే 21 అంకెల సంఖ్య మిగులుతుంది: 14,75,73,95,25,89,67,64,12,927. ఇది ప్రధాన సంఖ్యేనని ఫ్రెంచి సన్యాసి మారాన్ మెర్సెన్ 1644లో ప్రకటించాడు. రుజువు ఇవ్వలేదు. ఇదే రూపంలో ప్రధాన సంఖ్యలనిచ్చే ఘాతాంకాలంటూ 257 వరకూ ఆయన ఇచ్చిన జాబితాలో 67, 257 తప్పుగా చేరాయి. ఉండాల్సిన 61, 89, 107 జారిపోయాయి. 67 విషయంలో తప్పు పట్టిన ఘనతను చాలామంది అమెరికా గణితజ్ఞుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్‌కు ఇస్తారు. 1903 అక్టోబరులో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఆయన 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణిస్తే సరిగ్గా ఆ సంఖ్యే వస్తుందని చూపాడు. ఒక్క మాటా మాట్లాడకుండా నల్లబల్ల మీద గుణించాడనీ, మూడేళ్ళ ఆదివారాలు దీనికే వెచ్చించాడనీ చెప్పే కథ ఎరిక్ టెంపుల్ బెల్ దశాబ్దాల తర్వాత రాసిన పుస్తకం వల్ల ప్రచారంలోకి వచ్చింది. కథ అందమైనదే. కానీ అసలు మలుపు అంతకు 27 ఏళ్ళ ముందే వచ్చిందని నా వాదన.

1876లో ఎడ్వార్ ల్యూకా ఒక్క కారణాంకమైనా కనుక్కోకుండానే ఇది ప్రధానం కాదని తేల్చాడు. ఒక నియమం ప్రకారం సంఖ్యల వరుస కట్టి, ప్రతి మెట్టులోనూ మన సంఖ్యతో భాగించి శేషాన్ని మాత్రమే ఉంచుకుంటూ పోవాలి. చివరికి సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. మెట్లు అరవై పైచిలుకే. కారణాంకాల వేట సంగతి వేరు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 134 గుణిజం కన్నా ఒకటి ఎక్కువ ఉండి తీరాలి. వరుసగా వెతికితే కోల్ చూపిన చిన్న కారణాంకం 14,45,580వ చోట గానీ తగలదు. మరో నియమంతో సగం వడపోసినా ఏడు లక్షలకు పైగా మిగులుతాయి. అందుకే కోల్ వర్గ శేషాల సాయంతో జల్లెడ పట్టాడు.

ల్యూకా చేతిలెక్కలో ఎక్కడైనా పొరపాటు దొర్లి ఉండొచ్చనీ, కోల్ గుణకారాన్నైతే బడిపిల్లవాడైనా సరిచూడగలడనీ అభ్యంతరం చెప్పవచ్చు. సరిచూసే సౌలభ్యం కోల్‌దే, ఒప్పుకోవాలి. అయితే కారణాంకం దొరకనంత కాలం వెతికేవాడికి అది లేదో, తానింకా అక్కడిదాకా చేరలేదో తెలియదు. వెతికితే దొరికి తీరుతుందన్న భరోసా ఇచ్చింది ల్యూకా పరీక్షే. తెలియడం వేరు, చూపడం వేరు అన్నది ఈ సంఖ్య చరిత్రలో కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి నిలబడింది ఈ తేడా మీదే: పెద్ద ప్రధాన సంఖ్యలను పట్టడం తేలిక, రెండింటి లబ్ధాన్ని విడగొట్టడం కష్టం. ఆ కష్టం తప్పనిసరి అని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు. మొదటి సగం మాత్రం తేలిపోయింది. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యనైనా ప్రధానమో కాదో వేగంగా, నిస్సందేహంగా తేల్చే పద్ధతిని ఇచ్చారు. పెద్ద సంఖ్య ప్రధానం కాదని తేలినప్పుడు, మామూలుగా ఆ పద్ధతీ కారణాంకాలను చేతికివ్వదు.