ఇసుక దిబ్బకు ఇవతల బస

పత్తి అమ్ముడుపోయి, మిరప కల్లాలు ఖాళీ అయి, చేలు తొలకరి కోసం ఎదురుచూసే రోజుల్లో గుంటూరు మిర్చి యార్డు వేసవి సెలవులు ప్రకటిస్తుంది. ఎండ నలభై డిగ్రీలు దాటే ఆ వారాల్లో నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి, పర్చూరు కుటుంబాల చూపు సూర్యలంక, వాడరేవు, రామాపురం వైపు మళ్ళుతుంది. కాస్త ఎక్కువ ఖర్చు పెట్టగలవాళ్ళు అండమాన్‌కో మాల్దీవులకో టికెట్లు తీస్తారు. ఎక్కడికి వెళ్ళినా రెండు రాత్రుల బస కోసం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: గదిలోంచి సముద్రం కనిపిస్తుందా? కనిపిస్తే ఒక రేటు, కనిపించకపోతే ఇంకో రేటు. కెరటానికి ఎంత దగ్గరైతే అంత మంచి బస అనే ఈ కొలత మన తీరంలో పుట్టింది కాదు. బాపట్ల, చీరాల, ఒంగోలు తీరానికి అతిథులకు చోటిచ్చిన చరిత్ర ఏడెనిమిది వందల ఏళ్ళ పైనే ఉంది. ఆ చరిత్రలో మంచి బసకు గుర్తులు వేరు: తియ్యటి నీళ్ళు, గాలికి అడ్డుగా ఇసుక దిబ్బ, వెనక్కి వెళ్ళడానికి దారి. ఈ మూడింటినీ పక్కన పెట్టి దృశ్యాన్ని ముందుకు తెచ్చినందువల్ల నష్టపోతున్నది తీరమూ, అతిథీ కూడా.

ముందు ఊళ్ళు ఎక్కడున్నాయో చూడాలి. బాపట్ల సముద్రానికి దాదాపు 9 కిలోమీటర్ల దూరంలో ఉంది. చీరాల నుంచి వాడరేవుకు ఆరేడు కిలోమీటర్లు. ఒంగోలు నుంచి కొత్తపట్నం అంతకు రెండింతల పైనే. సముద్రం మీద బతికిన ప్రాంతంలో పెద్ద ఊళ్ళేవీ ఒడ్డున లేవు. తర్వాత వచ్చిన దారులు కూడా ఈ లెక్కనే పాటించాయి. కృష్ణా పశ్చిమ డెల్టా నుంచి వచ్చే కొమ్మమూరు కాలువ తీరానికి లోపలగా సాగి, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువతో కలుస్తుంది. మద్రాసు దాకా పడవలు నడిచింది ఆ దారినే. బెజవాడను మద్రాసుతో కలుపుతూ 1899లో వచ్చిన రైలు మార్గమూ బాపట్ల, చీరాల, వేటపాలెం మీదుగా లోపలి నుంచే పోయింది. నేటి 216వ నంబరు జాతీయ రహదారి ఒంగోలు దాకా ఇంచుమించు ఆ వరుసలోనే నడుస్తుంది. ఇదంతా కాకతాళీయం అనుకోవడానికి లేదు. ఒడ్డు వెంట బారులు తీరిన ఇసుక మేటలు, వాటి వెనక పల్లపు నేల, ఆ తర్వాత మెరక నేల: ఈ మూడు పట్టీల్లో మూడోదాన్ని స్థిర నివాసానికి ఎంచుకోవడం తరతరాల అనుభవం నేర్పిన పని.

ఇక్కడికి వచ్చిన పరదేశుల బస గురించి రాతపూర్వకమైన సాక్ష్యం మోటుపల్లిలో ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయ శాసనం సముద్ర వ్యాపారులకు ఇచ్చిన మాట. తుపానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాల వంటి సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని అందులో చెప్పాడు. కొన్ని దశాబ్దాల తర్వాత వచ్చిన మార్కో పోలో ఈ రేవును ‘ముత్ఫిలి’ అని పేర్కొని, ఇక్కడి సన్నని నూలు బట్టలను మెచ్చుకున్నాడు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి ఇదే చోట మరో శాసనం వేయించాడు. మోటుపల్లికి వచ్చి ఉండే వర్తకులను ఆదరించి భూములిస్తామని, వెళ్ళిపోదలిస్తే ఆపకుండా పంపిస్తామని, వారసులు లేనివారి ఆస్తి రాజుకు పోయే అపుత్రిక దండాన్ని తీసేశామని దాని సారాంశం. రెండు శాసనాల్లోనూ తీరంలో బసకు కొలత భద్రతే. మొదటిది తుపానును ఎదురుగా పెట్టుకుని మాట్లాడుతుంది. రెండోది అతిథికి చోటుతో పాటు వెళ్ళిపోయే స్వేచ్ఛనూ హామీ ఇస్తుంది.

వర్తకుల కోసం వేసిన శాసనంలో సముద్రపు అందం గురించి ఎందుకుంటుందని ఎవరైనా అడగవచ్చు. సబబైన ప్రశ్నే. సరుకు కోసం వచ్చినవాడికి సూర్యోదయంతో పనిలేదు. అందుకే సముద్రాన్ని చూడటానికీ, అందులో మునగడానికీ వచ్చినవారి సంగతి విడిగా చూడాలి. ఈ మైదానంలో వాళ్ళకు కొదవ లేదు. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సూర్యలంకలో, వాడరేవులో, కొత్తపట్నంలో వేల మంది సముద్ర స్నానం చేస్తారు. రేగడి నేలల రైతుకు ఆ రెండు పౌర్ణములూ పనుల నడుమ దొరికే విరామాలు: ఒకటి పత్తి తీతల కాలంలో, రెండోది మిరప కోతల కాలంలో వస్తుంది. ఎడ్లబండ్ల రోజుల్లో ఈ ప్రయాణానికి ఒక క్రమం ఉండేది. ఊళ్ళోని సత్రంలోనో, బంధువుల ఇంట్లోనో, తోపుల్లో బండ్ల కిందనో రాత్రి గడిపి, తెల్లవారుజామున ఒడ్డుకు చేరి, మునిగి, సూర్యుడికి నమస్కరించి, ఎండ ముదరకముందే తోపులోకి వచ్చి వంటలు చేసుకునేవారు. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకకూడదనే ఆచారం కూడా ఇక్కడి ఇళ్ళల్లో ఉంది. దాన్ని మూఢనమ్మకంగా కొట్టిపారేయనక్కర్లేదు. సముద్రం దగ్గరికి వెళ్ళాలి, చూడాలి, మునగాలి, తిరిగి రావాలి అనే ఒక మర్యాద అందులో ఉంది. అందాన్ని ఎరగనివాళ్ళు బండి కట్టుకుని రాత్రంతా ప్రయాణం చేసి సూర్యోదయానికి రారు. అందాన్ని ప్రేమించారు, కానీ దాని గడపలో పడుకోలేదు.

నీటి సంగతికి వస్తే ఈ తీరం జ్ఞానం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బాపట్ల, చీరాల, వేటపాలెం ఇసుక నేలల్లో రైతులు లోతు తక్కువ గుంటలు తవ్వి, అందులో ఊరే నీటితో కూరగాయలు, నారుమళ్ళు పెంచుతారు. వాటిని దొరువులు అంటారు. వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలికైన తియ్యటి పొరగా నిలుస్తుంది. పై నుంచి మెల్లగా తోడుకుంటే ఏళ్ళ తరబడి దొరుకుతుంది. లోతుగా బోరు వేసి మోటారుతో లాగితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. 1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాల ఉన్న ఊళ్ళో శాస్త్రవేత్తలు ఈ దొరువు పద్ధతినే మెరుగుపరిచే పరిశోధనలు చేశారు. తీరంలో ఎంతమంది బస చేయవచ్చో నిర్ణయించేది నిజానికి ఈ పలుచని తియ్యటి పొర. ఒడ్డున వరసగా గదులు కట్టి, ప్రతి గదికీ షవరు, నడుమ ఈత కొలను, చుట్టూ పచ్చిక పెట్టి, అన్నిటికీ బోరునీళ్ళే వాడితే పక్క చేనులోని దొరువు ఉప్పుతేలుతుంది. 1990ల్లో రొయ్యల చెరువులు తీరపు నీటిని ఎలా పాడుచేశాయో చూశాం. తీర నియంత్రణ మండలంలోని అలాంటి చెరువులను తొలగించాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. ఆ పాఠం అతిథి గృహాలకూ వర్తిస్తుంది.

మరి కెరటం పక్కనే గది అనే కోరిక ఎక్కడిది? ఇంగ్లండులో 18వ శతాబ్దం మధ్యలో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రపు నీటిని మందుగా ప్రచారం చేయడంతో బ్రైటన్ వంటి పల్లె విహార పట్టణంగా మారింది. సముద్రానికి ఎదురుగా కిటికీలు పెట్టి ఇళ్ళు కట్టే అలవాటుకు ఊపు వచ్చింది ఆ కాలంలోనే. ఇవాళ మన ఫోన్లలో కనిపించే నీటి మీది కుటీరం ఇంకా కొత్తది. ముగ్గురు అమెరికన్లు 1967లో తాహితీ సమీపంలోని రాయతేయా దీవిలో దాన్ని ప్రవేశపెట్టారు. మాల్దీవుల్లో మొదటి రిసార్టు కురుంబా తెరిచింది 1972లో. ఈ రెండు చోట్లా దీవి చుట్టూ పగడపు దిబ్బలు ఉంటాయి. బయటి సముద్రపు ఉధృతి చాలావరకు ఆ దిబ్బల మీదే విరిగి, లోపలి మడుగు నిలకడగా ఉంటుంది. అక్కడ నీటి అంచున గది వేయడానికి ప్రకృతే అవకాశం ఇచ్చింది. సూర్యలంకకు, వాడరేవుకు అలాంటి పగడపు కంచె లేదు. నిజాంపట్నం వైపు మడ అడవులున్న మేర కాస్త రక్షణ ఉంది, మిగతాదంతా తెరిచిన తీరం. ఒడ్డు దగ్గర సముద్రం లోతు తక్కువ కావడంతో తుపాను తోసుకొచ్చే నీరు ఎత్తుగా లేచి పల్లపు నేల మీదికి పారుతుంది. 1977 నవంబరు 19న జరిగింది అదే. కార్తీక మాసం, పౌర్ణమి ఇంకా ఆరు రోజులుంది. దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన కృష్ణా ముఖద్వారం దగ్గరి దివిసీమను, గుంటూరు జిల్లా తీరాన్ని ముంచెత్తింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది వరకు పోయారు. పగడపు దీవిలో తీసిన ఫోటోను మన తీరానికి ఆదర్శంగా పెట్టుకుంటే ఈ తేడా అంతా చెరిగిపోతుంది.

దీనికి మొదటి అభ్యంతరం బలమైనదే. మత్స్యకారులు ఒడ్డునే ఉంటున్నారు కదా, వాళ్ళది తీరపు జ్ఞానం కాదా? వాళ్ళదే అసలైన జ్ఞానం. కానీ వాళ్ళు ఒడ్డున ఉండేది వల, పడవ, వేట వేళ అక్కడ ఉన్నందువల్ల, దృశ్యం కోసం కాదు. తాటాకు గుడిసెల్ని చూరు దాదాపు నేలను తాకేలా కిందికి దించి, గాలి పట్టకుండా కట్టుకున్నారు. ఉత్తరాంధ్ర తీరంలో ఇదే అవసరం గుండ్రటి చుట్టిళ్ళను నిలిపింది. ఎగిరిపోతే మళ్ళీ కట్టుకోగలిగినంత తేలికైన ఇల్లు అది. అయినా 1977లోనూ, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడూ తీరంలో అందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లించినవాళ్ళలో వాళ్ళున్నారు. గాలి మారితే, నీటి రంగు మారితే, పక్షులు లోపలికి మళ్ళితే వాళ్ళకు తెలుస్తుంది. రెండు రాత్రుల కోసం వచ్చిన అతిథికి ఆ అవసరమూ లేదు, ఆ తెలివిడీ ఉండదు. వాళ్ళ ఉనికిని చూపించి అతిథి గదిని ఒడ్డుకు జరపడం న్యాయం కాదు. ఆ గదుల ప్రహరీలు లేచేకొద్దీ వలలు ఆరేసుకునే చోటు తగ్గుతుందని, పౌర్ణమి స్నానానికి వచ్చేవాళ్ళ దారి ఇరుకవుతుందని మరిచిపోకూడదు.

రెండో అభ్యంతరం: ఇప్పుడు సిమెంటు కట్టడాలున్నాయి, ఉపగ్రహాలున్నాయి, ముందే హెచ్చరిక వస్తుంది, ఇంకా భయమెందుకు? హెచ్చరికల విలువను తక్కువ చేయలేం. 1990 మే 9న ఇదే కృష్ణా ముఖద్వారం దగ్గర పెద్ద తుపాను తీరం దాటింది. అప్పుడు లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యికి లోపే. 1977తో పోలిస్తే ఆ తేడా తెచ్చింది ఒడ్డున నిలబడిన గోడలు కావు, ఒడ్డు వదిలి వెళ్ళడానికి దొరికిన సమయం, దారి, తుపాను షెల్టర్లు. అంటే ఆధునిక విజ్ఞానం కూడా పాత కొలతనే బలపరుస్తోంది. పైగా ఆ తుపాను వచ్చింది మే నెలలో, సరిగ్గా సెలవుల వేళ. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. చట్టం కూడా దూరాన్నే నమ్ముకుంది. 1991లో వచ్చిన తీర నియంత్రణ నిబంధనలు గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలను నిరోధించాయి. 2019 నిబంధనలు జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో ఆ దూరాన్ని 50 మీటర్లకు తగ్గించి, తాత్కాలిక పర్యాటక వసతులకు సడలింపులిచ్చాయి. కాగితం మీద గీత జరిగినంత మాత్రాన ఉప్పెన చేరే దూరం తగ్గదు.

మూడో మాట ఉపాధిది. పర్యాటకం వస్తేనే పల్లెల్లో నాలుగు రూకలు ఆడతాయంటారు. నిజమే, రావాలి కూడా. 2022 ఏప్రిల్‌లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని కొన్ని భాగాలను కలిపి బాపట్ల జిల్లా ఏర్పడింది. సముద్రమే ఆ జిల్లాకు పెద్ద ఆస్తి. కానీ అతిథి డబ్బు ఎక్కడ ఖర్చవుతుందన్నది బస ఎక్కడన్నదాన్ని బట్టే ఉంటుంది. ఒడ్డున ప్రహరీ లోపల గదీ, భోజనమూ, కొలనూ అన్నీ దొరికితే అతిథి బయటికే రాడు. ఊళ్ళో బస చేసినవాడు చీరాల చేనేత అంగడికి వెళ్తాడు, వేటపాలెం జీడిపప్పు కొంటాడు, భావనారాయణస్వామి గుడి చూస్తాడు, ఆటో ఎక్కుతాడు, రేవులో చేపలు కొని వండించుకుంటాడు. దిబ్బకు ఇవతల బస పెడితే పర్యాటకం తగ్గదు, ఎక్కువ ఇళ్ళకు అందుతుంది.

కాబట్టి సూర్యలంకకు వెళ్ళినా, మాల్దీవులకు వెళ్ళినా, గది తీసుకునే ముందు ఈ తీరం నేర్పిన ప్రశ్నలు అడగడం మేలు. నీళ్ళు ఎక్కడివి, ఎవరి బావిని ఎండగట్టి వస్తున్నాయి? సముద్రానికీ గదికీ నడుమ దిబ్బో, మడ అడవో, సరుగుడు తోపో, పగడపు కంచో ఏదైనా ఉందా, లేక చదును చేసేశారా? రాత్రివేళ హెచ్చరిక వస్తే వెళ్ళే దారి ఏది, షెల్టరు ఎంత దూరం? వెళ్ళే నెల తుపానుల నెలా? ఒడ్డు మీద ఊరి జనం నడిచే హక్కు మిగిలి ఉందా? ఈ ప్రశ్నలకు మంచి జవాబులు దొరికితే కిటికీలోంచి సముద్రం కనిపించకపోయినా అది మంచి బసే. పది నిమిషాలు నడిచి దిబ్బ ఎక్కితే సముద్రం ఎలాగూ కనిపిస్తుంది. దిబ్బను తవ్వేసి, దొరువును ఉప్పుచేసి కట్టిన గదికి ఎంత అందమైన కిటికీ ఉన్నా, దాని అద్దెలో కొంత భాగం తర్వాతి తుపానులో ఈ తీరవాసులే కట్టాల్సి వస్తుంది. ఆ అప్పు వాళ్ళ నెత్తిన పెట్టని బసను ఎంచుకోవడం ఈ ప్రాంతపు అతిథి మర్యాదకు మనం ఇవ్వగలిగిన సరైన గౌరవం.