కొత్తతరం యాంటీసైకోటిక్ ఔషధాలపై పరిశోధన ప్రచురణలు: ధోరణులు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
స్కిజోఫ్రీనియా వంటి తీవ్ర మానసిక వ్యాధుల చికిత్సలో కొత్తతరం యాంటీసైకోటిక్ ఔషధాలు 1990వ దశకం నుంచి ప్రధాన స్థానం పొందాయి. వీటిపై వెలువడిన పరిశోధన పత్రాల సంఖ్య కూడా అదే కాలంలో విపరీతంగా పెరిగింది. అయితే పత్రాల పెరుగుదలను జ్ఞానాభివృద్ధిగా పరిగణించవచ్చా అన్నది ప్రశ్న. 1988 నుంచి 2024 వరకు వెలువడిన ముఖ్య అధ్యయనాల ఆధారంగా ఈ ప్రశ్నను చారిత్రక క్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్యపదాలు: యాంటీసైకోటిక్ ఔషధాలు, స్కిజోఫ్రీనియా, క్లినికల్ ట్రయల్, ప్రచురణ పక్షపాతం, మెటా విశ్లేషణ.

1. ఉపోద్ఘాతం:
ఒక శాస్త్రశాఖ ఎదుగుదలను అందులో వెలువడిన పత్రాల సంఖ్యతో కొలిచే పద్ధతికి దీర్ఘ చరిత్ర ఉంది. ఒక విషయానికి చెందిన వ్యాసాల్లో అధికభాగం కొద్దిపాటి పత్రికల్లోనే కేంద్రీకృతమై ఉంటుందని 1934లో శామ్యూల్ బ్రాడ్‌ఫర్డ్ సూత్రీకరించాడు. శాస్త్ర సాహిత్యం నిర్ణీత కాలవ్యవధుల్లో రెట్టింపవుతూ పోతుందని డెరిక్ డి సోలా ప్రైస్ 1963లో వివరించాడు. ఈ సూత్రాలను కొత్తతరం యాంటీసైకోటిక్ ఔషధాల సాహిత్యానికి అన్వయించి, దేశాలవారీగా పత్రాలను లెక్కించిన అధ్యయనాలు కూడా వచ్చాయి. స్పెయిన్‌కు చెందిన ఫ్రాన్సిస్కో లోపెజ్-మున్యోజ్ బృందం ఈ దిశలో విస్తృతంగా కృషి చేసింది.

ఇటువంటి గణన ఉపయోగకరమే. ఏ ఔషధంపై ఎప్పుడు ఆసక్తి పెరిగింది, ఏ దేశం ఎంత కృషి చేసింది అన్నవి దీనివల్ల తెలుస్తాయి. కానీ ఒకే పరీక్ష ఫలితం అనేక పత్రాలుగా వెలువడితే గణన దాన్ని అనేకంగానే లెక్కిస్తుంది. ప్రచురణకు నోచుకోని పరీక్షను అసలు లెక్కించలేదు. ఈ రెండు లోపాలూ కొత్తతరం ఔషధాల చరిత్రలో స్పష్టంగా కనిపిస్తాయి.

2. పూర్వరంగం:
ఆధునిక మనోవైద్య ఔషధాల చరిత్రలో భారతదేశానికి కూడా ఒక అధ్యాయం ఉంది. సర్పగంధ వేరు అధిక రక్తపోటులోనూ ఉన్మాదంలోనూ ఉపకరిస్తుందని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో ప్రకటించారు. ఆ వేరునుంచి రిసర్పిన్‌ను స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు 1952లో వేరుచేశారు. అదే సంవత్సరం పారిస్‌లోని సాంతాన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ క్లోర్‌ప్రోమజీన్ ఫలితాలను ప్రకటించారు. 1958లో బెల్జియంలో పాల్ జాన్సెన్ బృందం హాలోపెరిడాల్‌ను రూపొందించింది.

ఈ తొలితరం మందులు భ్రమలను, భ్రాంతులను అదుపుచేశాయి. అయితే చేతుల వణుకు, కండరాల బిగువు, కుదురుగా కూర్చోనివ్వని అస్థిమితం వంటి దుష్ఫలితాలను వెంట తెచ్చాయి. ఈ కదలిక లోపాలు లేకుండా మందు పనిచేయదన్న అభిప్రాయం కొంతకాలం బలంగా ఉండేది. స్విస్ సంస్థ వాండర్ రూపొందించిన క్లోజపిన్ ఆ అభిప్రాయాన్ని సవాలు చేసింది. ‘ఎటిపికల్’, అనగా పాత నమూనాకు లొంగనిది, అన్న పేరు అక్కడినుంచే ప్రచారంలోకి వచ్చింది. కానీ 1975లో ఫిన్లాండ్‌లో ఈ మందు వాడిన కొందరు రోగులలో తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా తగ్గిపోయి మరణాలు సంభవించాయి. దానితో అనేక దేశాల్లో క్లోజపిన్ వాడకం ఆగిపోయింది లేదా పరిమితమైంది.

3. 1988: ఒక కఠినమైన ప్రశ్న
క్లోజపిన్ పునరాగమనానికి కారణమైన అధ్యయనాన్ని జాన్ కేన్, గిల్బర్ట్ హానిగ్‌ఫెల్డ్, జాక్ సింగర్, హెర్బర్ట్ మెల్ట్జర్ 1988లో ‘ఆర్కైవ్స్ ఆఫ్ జనరల్ సైకియాట్రీ’లో ప్రచురించారు. ఇతర మందులకు లొంగని 268 మంది రోగులు ఇందులో పాల్గొన్నారు. ఆరు వారాల తర్వాత క్లోజపిన్ తీసుకున్నవారిలో 30 శాతం, క్లోర్‌ప్రోమజీన్ తీసుకున్నవారిలో 4 శాతం మెరుగుపడ్డారు. మరుసటి సంవత్సరమే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, క్రమబద్ధమైన రక్తపరీక్ష నిబంధనతో ఈ మందుకు అనుమతి ఇచ్చింది.

ఈ అధ్యయనంలో గమనించవలసింది దాని ప్రశ్న. ఏ మందుకూ గుణం కనిపించని రోగులనే ఎన్నుకొని, వారిలో కొత్త మందు పాతదానికన్నా మేలు చేస్తుందా అని పరిశోధకులు అడిగారు. ఓడిపోవడానికి పూర్తి అవకాశం ఉన్న పరీక్ష అది. తరువాతి దశాబ్దంలో వచ్చిన పరీక్షలన్నిటినీ ఈ గీటురాయిపై నిలబెట్టలేము.

4. 1990వ దశకం: విస్తరణ
రిస్పెరిడోన్ 1993లో, ఒలాంజపిన్ 1996లో, క్వెటియాపిన్ 1997లో, జిప్రాసిడోన్ 2001లో, అరిపిప్రజోల్ 2002లో అమెరికాలో అనుమతి పొందాయి. ప్రతి మందు వెంటా పత్రాల ప్రవాహం వచ్చింది. వీటిలో అధికభాగానికి తయారీ సంస్థలే నిధులు సమకూర్చాయి. నియంత్రణ సంస్థ అనుమతికి పరీక్షలు తప్పనిసరి కనుక అది అసహజం కాదు.

సమస్య పోలిక ఎంపికలో ఉంది. ఉదాహరణకు, ఉత్తర అమెరికాలో జరిగిన రిస్పెరిడోన్ పరీక్షల్లో పోలికకు హాలోపెరిడాల్‌ను రోజుకు 20 మిల్లీగ్రాముల మోతాదులో ఇచ్చారు. ఇది ఇప్పటి ప్రమాణాల ప్రకారం చాలా ఎక్కువ. మోతాదు పెరిగేకొద్దీ కదలిక లోపాలు పెరుగుతాయి. ఆ లోపాల వల్ల ముఖకవళికలు మందగిస్తాయి, చురుకుదనం తగ్గుతుంది. వ్యాధిలో కనిపించే నిరాసక్తత నుంచి దీన్ని వేరుచేసి చూడడం కష్టం. కనుక పాత మందును అధిక మోతాదులో ఇచ్చినపుడు, కొత్త మందు కదలిక లోపాల విషయంలోనే కాక నిరాసక్తతను తగ్గించడంలోనూ మెరుగైనదిగా కనిపించే అవకాశం ఉంది.

రెండో సమస్య పునరుక్తి. రిస్పెరిడోన్ పరీక్షలను క్రోడీకరించడానికి పూనుకున్న పాట్రీషియా హస్టన్, డేవిడ్ మోహర్‌లకు అసలు ఎన్ని పరీక్షలు జరిగాయో తేల్చడమే కష్టమైంది. ఒకే పరీక్ష ఫలితాలు భాగాలు భాగాలుగా, వేర్వేరు రచయితల పేర్లతో పలుచోట్ల వెలువడ్డాయి. ఈ అనుభవాన్ని వారు 1996లో ‘లాన్సెట్’లో వివరించారు.

5. వెనుదిరిగి చూసిన అధ్యయనాలు
బెన్ థార్న్‌లీ, క్లైవ్ ఆడమ్స్ 1998లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో స్కిజోఫ్రీనియాపై యాభై ఏళ్లలో వచ్చిన 2000 నియంత్రిత పరీక్షలను సమీక్షించారు. ఒక్కో పరీక్షలో పాల్గొన్నవారు సగటున 65 మంది. సగానికి పైగా పరీక్షలు ఆరు వారాలకు మించలేదు. ఫలితాలను కొలవడానికి వాడిన కొలమానాలు మాత్రం 640. జీవితాంతం కొనసాగగల వ్యాధిని ఆరు వారాల్లో, ఒకదానితో ఒకటి పొసగని కొలతలతో అంచనా వేశారన్నమాట.

2000లో జాన్ గెడెస్ బృందం 52 పరీక్షలను, 12,649 మంది రోగుల సమాచారాన్ని క్రోడీకరించింది. హాలోపెరిడాల్ మోతాదు రోజుకు 12 మిల్లీగ్రాములకు మించని పరీక్షల్లో కొత్త మందుల ఆధిక్యం గుణంలో కాని మొత్తం సహనీయతలో కాని కనిపించలేదు. కదలిక లోపాలు తక్కువన్న ప్రయోజనం మాత్రం నిలిచింది. ఈ నిర్ధారణను అందరూ అంగీకరించలేదు. 2003లో జాన్ డేవిస్ బృందం 124 పరీక్షలను విశ్లేషించి, కొన్ని కొత్త మందులు నిజంగానే మెరుగైనవని, మోతాదు ప్రభావం తమకు కనిపించలేదని వాదించింది. ఉన్న పరీక్షలనే మళ్లీ మళ్లీ క్రోడీకరించడం వల్ల ఈ వివాదం తేలదని, కొత్త రకం పరీక్షలు అవసరమని దీనివల్ల స్పష్టమైంది.

6. ఆచరణాత్మక పరీక్షల దశ
అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిధులతో జరిగిన కేటీ అధ్యయనం 2005లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వెలువడింది. 57 కేంద్రాల్లో 1493 మంది రోగులు పాల్గొన్నారు. పోలికకు మధ్యస్థ శక్తిగల పాత మందు పెర్ఫెనజిన్‌ను ఎంచుకున్నారు. 18 నెలలు పూర్తికాకముందే 74 శాతం మంది తమకిచ్చిన మందును మానేశారు. ఒలాంజపిన్ మానేసినవారు 64 శాతం, పెర్ఫెనజిన్ మానేసినవారు 75 శాతం, క్వెటియాపిన్ మానేసినవారు 82 శాతం. ఒలాంజపిన్‌ను కొంత ఎక్కువకాలం కొనసాగించినా, బరువు పెరగడం, రక్తంలో చక్కెర, కొవ్వుల మార్పులు దానితోనే ఎక్కువ. అప్పటికే తిరోగమించని కదలిక లోపం ఉన్నవారికి పెర్ఫెనజిన్ ఇవ్వలేదన్న విమర్శ కూడా ఈ అధ్యయనంపై ఉంది.

2006లో బ్రిటన్‌లో పీటర్ జోన్స్ బృందం 227 మందిపై జరిపిన కట్లాస్ అధ్యయనంలో, ఏడాది తర్వాత జీవన నాణ్యత విషయంలో పాత మందులు వెనుకబడలేదు. 2008లో యూరప్ దేశాలు, ఇజ్రాయెల్ కలిసి చేసిన యూఫెస్ట్ అధ్యయనంలో తొలిసారి వ్యాధి సోకిన 498 మంది పాల్గొన్నారు. హాలోపెరిడాల్‌ను తక్కువ మోతాదులోనే ఇచ్చినా ఎక్కువమంది మానేశారు. అయితే వ్యాధి లక్షణాల తగ్గుదలలో గణనీయమైన భేదం లేదు. ఎవరికి ఏ మందు ఇస్తున్నారో వైద్యులకు తెలిసే జరిగిన పరీక్ష కనుక, మానేయడంలోని భేదానికి వారి అంచనాలు కూడా కారణమై ఉండవచ్చు.

7. ప్రచురణ పక్షపాతం
స్టీఫన్ హెరెస్ బృందం 2006లో కొత్త మందులను ఒకదానితో ఒకటి పోల్చిన పరీక్షలను పరిశీలించింది. సంస్థల నిధులతో జరిగిన పరీక్షల్లో 90 శాతం నిధులిచ్చిన సంస్థ మందుకే అనుకూలంగా ముగిశాయి. దానివల్ల ఒలాంజపిన్ రిస్పెరిడోన్‌ను, రిస్పెరిడోన్ క్వెటియాపిన్‌ను, క్వెటియాపిన్ తిరిగి ఒలాంజపిన్‌ను ఓడించే విచిత్ర వలయం ఏర్పడింది. అంకెలను తారుమారు చేయకుండానే మోతాదు, రోగుల ఎంపిక, కొలమానం, ఫలితాలను వర్ణించే తీరు వంటి నిర్ణయాలు ఇందుకు దోహదపడగలవు.

ఎరిక్ టర్నర్ బృందం 2012లో ఎఫ్‌డీఏ దస్త్రాలను ప్రచురిత పత్రాలతో సరిపోల్చింది. ఎనిమిది మందులకు చెందిన 24 పరీక్షల్లో నాలుగు ప్రచురితం కాలేదు. వాటిలో మూడు ప్లాసిబోపై ఆధిక్యం చూపలేదు. నాలుగోదానిలో కొత్త మందు పాత మందుకన్నా తక్కువగా పనిచేసింది. ఇదే పరిశోధకుడు 2008లో పరిశీలించిన డిప్రెషన్ మందుల సాహిత్యంతో పోలిస్తే ఇక్కడ పక్షపాతం తక్కువే. ఆ విషయాన్ని కూడా నిష్పాక్షికంగా నమోదు చేయాలి.

పరీక్ష మొదలుకాకముందే దాన్ని బహిరంగంగా నమోదు చేయాలన్న నిబంధనను వైద్య పత్రికల సంపాదకులు 2005 నుంచి అమలుచేశారు. భారతదేశంలో ఇందుకోసం సీటీఆర్‌ఐ 2007లో ప్రారంభమై, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి అయింది.

8. పేటెంట్లు, హైదరాబాదు
పరిశోధన ప్రవాహాన్ని పేటెంటు కాలపరిమితి కూడా నిర్దేశిస్తుంది. 1970 నాటి భారత పేటెంటు చట్టం మందులకు ఉత్పత్తి పేటెంటు ఇవ్వలేదు. 2005 సవరణ వరకు ఇక్కడి సంస్థలు వేరే పద్ధతిలో అదే మందును తయారుచేయగలిగాయి. ఒలాంజపిన్ పేటెంటును అమెరికా న్యాయస్థానాల్లో సవాలు చేసిన సంస్థల్లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ ఒకటి. 2006లో అప్పీలు కోర్టు ఆ పేటెంటును సమర్థించింది. 2011లో కాలపరిమితి ముగిశాక జనరిక్ మాత్రలు అక్కడి విపణిలో ప్రవేశించాయి.

జనరిక్ మందు ధర తగ్గినపుడు రోగికి మేలు జరుగుతుంది. కానీ ఆ మందుపై కొత్త పరీక్షలకు నిధులిచ్చే వాణిజ్య ప్రయోజనం ఎవరికీ మిగలదు. దశాబ్దాల వాడకంలో తలెత్తే ప్రశ్నలు, ముఖ్యంగా ఎంత మోతాదు చాలు, ఎంతకాలం వాడాలి, ఎప్పుడు తగ్గించవచ్చు అన్నవి, ప్రభుత్వ నిధులు లేకుంటే సమాధానం లేకుండా ఉండిపోతాయి.

9. ఉపసంహారం
స్టీఫన్ లాయిక్ట్ బృందం 2009, 2013 అధ్యయనాలు, మాక్సిమిలియన్ హూన్ బృందం 2019లో 402 పరీక్షలను, 53,463 మంది సమాచారాన్ని క్రోడీకరించిన విశ్లేషణ ఈ చర్చను ఒక కొలిక్కి తెచ్చాయి. మందుల మధ్య గుణంలో భేదాలు స్వల్పం, దుష్ఫలితాల్లో భేదాలు స్పష్టం. ‘కొత్తతరం’ అన్నది ఏకరూప వర్గం కాదు. దుష్ఫలితాలు మాయం కాలేదు, కొంతవరకు స్వరూపం మార్చుకున్నాయి. చేతుల వణుకు స్థానంలో అధిక బరువు, మధుమేహం వచ్చాయి. క్లోజపిన్‌కు 1988లో లభించిన ప్రత్యేక స్థానం మాత్రం మొండి వ్యాధి చికిత్సలో నేటికీ కొనసాగుతోంది.

2024 సెప్టెంబరులో జానోమెలిన్, ట్రోస్పియం మిశ్రమానికి ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. డోపమిన్ గ్రాహకాలను నేరుగా అడ్డుకోకుండా పనిచేసే మందు కనుక ఇది నిజంగానే కొత్త మార్గం. అయితే అనుమతికి ఆధారమైన ప్రధాన పరీక్షలు ఐదు వారాలవి, ప్లాసిబోతో పోల్చినవి. దీనిపైనా పత్రాల వెల్లువ వస్తుంది. ఆ వెల్లువను లెక్కించేముందు ప్రతి పత్రాన్ని కొన్ని ప్రశ్నలు అడగాలి: పోలిక దేనితో, ఏ మోతాదులో, ఎంతకాలం, ఎవరి నిధులతో, ఇది కొత్త పరీక్షా లేక పాతదానికే మరో రూపమా? రెండు పాత్రల్లో పోసినంత మాత్రాన నీరు రెట్టింపు కానట్లే, పత్రాలు పెరిగినంత మాత్రాన జ్ఞానం పెరగదు. ఈ వివేచన వైద్యశాస్త్రానికే కాదు, ప్రచురణల సంఖ్యతో పరిశోధకుణ్ణి కొలిచే ప్రతి శాస్త్రశాఖకూ వర్తిస్తుంది.