నిశానీ విలువ



సంతకం రానివారిని "నిశానీ" అని చిన్నచూపు చూడడం ఒకప్పుడు మన ఆఫీసుల్లో మామూలే. కాని నేరస్థులను పట్టియిచ్చే శాస్త్రానికి ఆ నిశానీయే పునాది. అది పుట్టింది కూడా పోలీసు స్టేషనులో కాదు, కచ్చేరీలో.

1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు కంకర ఒప్పందం మీద కాంట్రాక్టరు చేత అరచేతి ముద్ర వేయించాడు. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు దస్తావేజులకు, జైలు ఖైదీలకు, పెన్షనర్లకు వేలిముద్రలు అమలుపరిచాడు. చనిపోయిన పెన్షనరు పేరున మరొకరు పైకం తీసుకుపోకుండా ఈ ఏర్పాటు.

వేల ముద్రల్లో కావలసినది వెదికేదెలా? ఎడ్వర్డ్ హెన్రీ కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసు దారి కనిపెట్టారు. మన పెద్దలు శంఖము, చక్రము అని చెప్పే గీతలే ఆధారం. పది వేళ్ళలో ఏయే వేళ్ళకు చక్రాలున్నాయో లెక్కగట్టి ముద్రలను 1024 తరగతులు చేశారు. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో వెలిసింది. లండను స్కాట్లండ్ యార్డులో 1901లో గాని రాలేదు. పద్ధతికి మాత్రం హెన్రీ పేరే నిలిచింది. నోటు రాసింది గుమాస్తా, సంతకం దొరగారిది!

1897లోనే జల్పాయ్‌గురి ప్రాంతంలో ఒక టీ తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. అక్కడి పంచాంగం మీద నెత్తుటి మరక కనిపించింది. అది పాత నౌకరు బొటనవేలి ముద్రతో సరిపోయింది. 1898లో కోర్టు దొంగతనానికి శిక్ష వేసింది గాని, హత్యానేరం మోపడానికి సాహసించలేదు. 1899లో చట్టం సవరించి వేలిముద్రల నిపుణుని అభిప్రాయాన్ని సాక్ష్యంగా అంగీకరించారు.

ఈ గీతలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి. కవలలకు సైతం ఒకటిగా ఉండవు. చేతి చెమట వల్ల గాజు మీద, బీరువా మీద కంటికి కనబడని ముద్ర పడుతుంది. పొడి చల్లితే బయటపడుతుంది.

ఇక నా తప్పొకటి చెప్పుకోవాలి. 1980 ప్రాంతంలో మార్కాపురం పలకల క్వారీలో పనిచేసే ఒక వితంతువు, ఫ్యామిలీ పెన్షను ఒక నెల తనకు ముట్టలేదని మొరపెట్టుకుంది. రిజిస్టరులో మాత్రం ముద్ర ఉంది. నిపుణునికి పంపితే, ఆఫీసులోని నమూనా ముద్ర అలుక్కుపోయినందున పోల్చుటకు వీలుకాదని జవాబు వచ్చింది. ఆమె పైకం ఆమెకు రాలేదు. రాయి పనికి గీతలు అరిగిన వేలు అది. తుడిపించి, పలుచగా సిరా పూసి, నిదానంగా ముద్ర తీయవలసింది. క్యూ పెద్దదని సిరా దట్టంగా పులిమి నొక్కించిన చేయి నాదే.

నేడు మన వేళ్ళూ అరిగాయి. లైఫ్ సర్టిఫికెట్టు కోసం యంత్రం మీద వేలు పెడితే ఒక్కోసారి గుర్తించదు. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపి ధ్రువీకరించే వీలు 2021 నుంచి ఉంది. సెల్‌ఫోను తెలిసిన పిల్లలకు నాదొక మనవి. మీ ఇంటి పెద్దలకే గాక, పొరుగున ఉన్న నిశానీ అవ్వకూ ఆ కాస్త సాయం చేయండి. ఆనాడు నేను తొందరపడ్డాను, మీరు నిదానించండి.