రాణిగారి చెయ్యి, పేరులేని పిల్లల చేతులు: మశూచి టీకా చరిత్రలో ఒక చిత్రం, కొన్ని పరికరాలు

1805లో థామస్ హిక్కీ అనే ఐరిష్ చిత్రకారుడు మైసూరులో ముగ్గురు స్త్రీల తైలవర్ణ చిత్రం గీశాడు. పట్టుచీరలు, ఒంటినిండా నగలు. చాలాకాలం పాటు వీళ్లు నాట్యగత్తెలై ఉంటారని అనుకున్నారు. చరిత్రకారుడు నైజెల్ ఛాన్సలర్ పరిశోధన తర్వాతే వీళ్లు మైసూరు రాజకుటుంబ స్త్రీలన్న వాదన బలపడింది. కుడివైపున్నది మూడో కృష్ణరాజ ఒడయార్ చిన్న రాణి దేవాజమ్మణి. చీర కప్పాల్సిన ఎడమ జబ్బ బయటికి కనిపిస్తూ ఉంటుంది. ఆమె ఇంకో చెయ్యి దాన్ని చూపిస్తున్నట్టుంటుంది. టీకా వేసిన చోటు అదేనని ఛాన్సలర్ వాదన. ఎడమవైపున్న పెద్ద రాణి ముక్కు, నోటి చుట్టూ చర్మం కాస్త రంగు మారి ఉంటుంది. మశూచి పొక్కుల పదార్థాన్నే తీసుకుని ఒంట్లోకి ఎక్కించే పాత పద్ధతికి అది గుర్తంటారు.

అంటే ఈ బొమ్మ ఒక ప్రచార చిత్రం. 1799లో టిప్పు సుల్తాన్‌ను చంపిన తర్వాత ఈస్టిండియా కంపెనీ ఒడయార్లను మళ్లీ గద్దెనెక్కించింది. కంపెనీ తెచ్చిన కొత్త మందును రాణులే వేయించుకున్నారంటే జనం నమ్ముతారు. ఇంతవరకు ఈ కథ పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. మాకు ఆసక్తి కలిగించేది వేరే ప్రశ్న. రాణి జబ్బలోకి వెళ్లిన ఆ మందు ఎక్కణ్నుంచి వచ్చింది?

1796లో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి పొక్కులోంచి తీసిన రసాన్ని జేమ్స్ ఫిప్స్ అనే ఎనిమిదేళ్ల పిల్లాడి చేతిలోకి ఎక్కించాడు. ఆ పిల్లాడు తోటమాలి కొడుకు. ఆ రసాన్ని ఇండియాకు తేవడమే పెద్ద సమస్య అయింది. రసంలో తడిపిన దారాలు ఓడలో వచ్చేసరికి ఎండకు పనికిరాకుండా పోయేవి. చివరికి వియన్నా వైద్యుడు జాన్ ద కారో పంపిన రసం బాగ్దాద్ చేరి, అక్కణ్నుంచి బస్రా మీదుగా బొంబాయికి వచ్చింది. 1802 జూన్ 14న ఆనా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు వేస్తే పనిచేసింది. వారం తర్వాత ఆ పాప చేతి మీది పొక్కు నుంచి తీసి ఇంకో ఐదుగురు పిల్లలకు వేశారు. అక్కణ్నుంచి ఒక చెయ్యి తర్వాత ఇంకో చెయ్యిగా హైదరాబాద్, కొచ్చి, చెంగల్పట్టు, మద్రాసు దాటి మైసూరు చేరింది.

ఈ పద్ధతిని వివరంగా తెలుసుకోవాలి. టీకా వేసిన ఎనిమిదో రోజుకు పొక్కు నిండుతుంది. అప్పుడు ఆ బిడ్డను మళ్లీ పిలిపించి, చిన్న కత్తితో పొక్కును గుచ్చి, రసం తీసి, పక్కన కూర్చోబెట్టిన పిల్లల చేతుల మీద గీత పెట్టి రాస్తారు. వాళ్లలో ఒకరు వచ్చే వారం మరికొందరికి రసం ఇవ్వాలి. మధ్యలో ఒక వారం బిడ్డ దొరక్కపోతే ఆ జిల్లాలో టీకా ఆగిపోతుంది. ఆనాటికి ఫ్రిజ్ లేదు, సీసా లేదు. మందు నిల్వ ఉండే పాత్ర పిల్లల ఒళ్లే.

అలా పాత్రగా ఎవరి పిల్లలు మారారు? డేవిడ్ ఆర్నాల్డ్ తన 'కలొనైజింగ్ ద బాడీ' (1993)లో ఈ విషయం రాశాడు. ఆధిపత్య కులాల తల్లిదండ్రులు తమ బిడ్డ పొక్కును గుచ్చనిచ్చేవారు కాదు. దాంతో టీకాలు వేసేవాళ్లు అణగారిన కులాల, పేదల పిల్లల్ని వెతికి తెచ్చేవారు, తల్లిదండ్రులకు ఎంతోకొంత డబ్బు ముట్టజెప్పేవారు. మళ్లీ ఆ రసం తమ పిల్లలకు వేస్తామంటే అంటు అని పై కులాలు ఒప్పుకోలేదు. నొప్పి మనది, పుండు మనది, అంటు కూడా మనదే అయింది.

పేద పిల్లల్ని వాడుకోవడం ఒక్క ఇండియాలోనే జరగలేదని కూడా చెప్పాలి. 1803లో స్పెయిన్ నుంచి అమెరికా ఖండానికి టీకా తీసుకెళ్లిన బాల్మిస్ ఓడలో 22 మంది అనాథ పిల్లలున్నారు. దారి పొడవునా వారానికి ఇద్దరి చొప్పున చేతుల మీద రసాన్ని బతికిస్తూ తీసుకెళ్లారు. తేడా ఏమిటంటే, అక్కడ టీకా వేయించుకునేవాళ్లు ఇచ్చిన బిడ్డ పుట్టుకను చూసి ముఖం తిప్పుకున్నట్టు మేం చదవలేదు.

పై కులాల్ని ఒప్పించడానికి కంపెనీ అధికారులు ఇంకో దారి పట్టారు. మద్రాసు కలెక్టర్ ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, దేవత శక్తి ధన్వంతరికి గోమశూచి మహిమ చెబుతున్నట్టు ఒక పురాణకథ అల్లాడు. (1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని చూపించిన ఎల్లిస్ ఇతనే. తెలుగువాళ్లకు అలా బాగా తెలిసిన పేరు.) గోవు మీది భక్తిని టీకాకు అరువు తెచ్చుకోవడమే దాని ఉద్దేశం. 1819లో మద్రాసు కొరియర్ పత్రికలో ధన్వంతరి గ్రంథంలోనే టీకా ఉందంటూ ఒక ఉత్తరం వచ్చింది. తర్వాత దాన్ని ఎంతోమంది నిజమని ఎత్తిరాశారు. డొమినిక్ వుయాస్టిక్ 1987లో రాసిన వ్యాసంలో ఇదంతా ఒక 'భక్తిపూర్వక మోసం' అని తేల్చాడు. ప్రాచీన భారతంలో గోమశూచి టీకా ఉండేదని ఇప్పటికీ ఫోన్లలో తిరిగే మెసేజ్‌ల వెనక ఈ కథే ఉంది.

ఇక పరికరాల సంగతి. ఆనాటి టీకా కత్తులు, దంతపు మొనలు, రసం దాచిన గాజు పలకలు మ్యూజియాల్లో ఉన్నాయి. చీటీ మీద ఉక్కు, దంతం, పొడవు, తయారీదారు పేరు, ఏడాది ఉంటాయి. ఆ కత్తి దేన్ని గుచ్చిందో ఉండదు. ఆ పిల్లల బొమ్మ కూడా ఎవరూ గీయలేదు.

టీకాకు జనం భయపడితే మూఢనమ్మకం అని రాసేయడం పాత అలవాటు. మన ఊళ్లలో మశూచిని పెద్దమ్మవారు అన్నారు, నిజమే. కానీ బిడ్డ పుండును రెండోసారి కోయించడానికి తల్లి ఒప్పుకోకపోవడంలో మూఢత్వం ఏముంది? చేతి నుంచి చేతికి వేసే పద్ధతిలో వేరే జబ్బులూ అంటుకునేవి. 1861లో ఇటలీలోని రివాల్టాలో ఇలాగే నలభై మందికి పైగా పిల్లలకు సవాయి సోకింది. ఇంగ్లండ్ 1898లో చట్టం చేసి ఈ పద్ధతిని ఆపేసింది. ఇండియాలో దూడల మీద పెంచిన రసం క్రమంగా దాని స్థానంలోకి వచ్చింది. 1905లో మద్రాసు దగ్గర గిండీలో మొదలైన కింగ్ ఇన్‌స్టిట్యూట్ పని కూడా అదే.

1960ల దాకా వాడిన గుండ్రటి టీకా పరికరాన్ని చర్మం మీద ఆనించి తిప్పేవారు. తర్వాత రెండు మొనల సూది వచ్చింది. 1975లో ఇండియాలో చివరి కేసు, 1980లో ప్రపంచమంతా మశూచి పోయిందన్న ప్రకటన. మన పల్లెల్లో అరవై దాటినవాళ్ల చేతుల మీద ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. వాళ్లతో మాట్లాడేటప్పుడు మేం ముందుగా అడిగేది ఒకటే. టీకాలాయన వాడలోకి వచ్చి వేశాడా, ఊరి చావడి దగ్గర నిలబడి మిమ్మల్ని పిలిపించాడా, ఊళ్లో పిల్లలకు ముందు వేశాడా, తర్వాతా?