ఛాందసుడు వేరు, ఫండమెంటలిస్టు వేరు

ఫండమెంటలిజం అనే మాటకు తెలుగులో మతఛాందసం అని రాస్తున్నాం. కొందరు మతమౌఢ్యం అంటారు, కొందరు మౌలికవాదం అంటారు. పత్రికల్లో స్థిరపడింది మాత్రం మొదటిదే. అనువాద పదం మీద తగువు పండితుల పని అనిపించవచ్చు గాని, ఈ మాట మన విశ్లేషణనే పక్కదారి పట్టిస్తున్నదని నా వాదన.

ఛందస్సు అంటే వేదం. వేదం చదువుకున్నవాడు ఛాందసుడు. తరవాత్తరవాత ఆ మాటకు లోకం పోకడ తెలియని చాదస్తుడనే అర్థం వచ్చింది. కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధానులు అలాంటివాడు. కూతుర్ని ముసలివాడికి అమ్మడానికి సిద్ధపడేంత క్రూరుడే. ఐతే లోకాన్ని తన పద్ధతిలోకి మార్చాలనే కార్యక్రమం అతనికి లేదు. పైగా కొడుకు వెంకటేశాన్ని ఇంగ్లీషు చదువుకు పంపుతాడు. మతఛాందసం అనగానే మన మనసులో మెదిలేది ఈ మనిషే: భూస్వామ్యపు అవశేషం, చదువూ సైన్సూ రైలూ వస్తే తనంతట తానే పోయేవాడు. ఫండమెంటలిస్టు పుట్టుక చూస్తే ఈ ఊహ నిలవదు.

ఆ పేరు అమెరికాలో పుట్టింది, చమురు డబ్బుతో పుట్టింది. కాలిఫోర్నియా యూనియన్ ఆయిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన లైమన్ స్టూవర్ట్, అతని సోదరుడు మిల్టన్ కలిసి 1910 నుంచి 1915 దాకా ‘ది ఫండమెంటల్స్’ పేరుతో 12 సంపుటాలు అచ్చువేయించారు. ఇంచుమించు 30 లక్షల ప్రతులు పాస్టర్లకు, మిషనరీలకు, మతశాస్త్ర అధ్యాపకులకు ఉచితంగా పోస్టులో వెళ్ళాయి. 1920లో కర్టిస్ లీ లాస్ అనే బాప్టిస్టు సంపాదకుడు ఆ మూల విశ్వాసాల కోసం పోరాడేవాళ్ళకు ఫండమెంటలిస్టులని పేరుపెట్టాడు. చమురు, అచ్చుయంత్రం, తపాలా – ఇవేవీ మధ్యయుగాల సరుకు కావు.

1925 జులైలో టెనెసీ రాష్ట్రంలోని డేటన్ పట్నంలో జరిగిన విచారణ మన హేతువాదులందరికీ తెలిసినదే. పరిణామ సిద్ధాంతం బోధించినందుకు జాన్ స్కోప్స్ అనే యువ ఉపాధ్యాయుడికి 100 డాలర్ల జుల్మానా వేశారు. కథను మనం సైన్సుకూ మూఢత్వానికీ జరిగిన కుస్తీగా చెప్పుకుంటాం. అసలు ఆ కేసును కోరి తెచ్చుకున్నది తమ ఊరికి నాలుగు డబ్బులు, కాస్త పేరు రావాలనుకున్న డేటన్ వ్యాపారస్తులు. చికాగో రేడియో విచారణను నేరుగా ప్రసారం చేసింది. ఈ వివరాలు మన వ్యాసాల్లో ఎందుకో కనిపించవు.

అంతకన్నా ముఖ్యమైనది ప్రాసిక్యూషన్ వైపు నిలబడ్డ విలియం జెన్నింగ్స్ బ్రయాన్ జీవితం. అతను మూడుసార్లు డెమోక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి. 1896లో అప్పుల్లో కూరుకుపోయిన రైతుల పక్షాన బ్యాంకర్ల బంగారు ప్రమాణాన్ని ఎదిరించినవాడు. 1900లో ఫిలిప్పీన్స్ ఆక్రమణను వ్యతిరేకించాడు. 1915లో అమెరికా యుద్ధం వైపు జరుగుతున్నదని విదేశాంగ మంత్రి పదవి వదులుకున్నాడు. డార్విన్ పేరు చెప్పి బలవంతుడే బతకాలనేవాళ్ళంటే అతనికి అసహ్యం. ఇక స్కోప్స్ పాఠం చెప్పిన పుస్తకం, హంటర్ రాసిన ‘ఎ సివిక్ బయాలజీ’, మనుషుల్ని ఐదు జాతులుగా విడగొట్టి తెల్లజాతిని పైమెట్టు మీద కూర్చోబెట్టింది, బీదరికంలో నేరాల్లో చిక్కిన కుటుంబాలను పరాన్నజీవులతో పోల్చింది. డేటన్ జనాన్ని పల్లెటూరి మొద్దులుగా వెక్కిరించిన మెన్కెన్ వంటి పత్రికా రచయితలకు ఆ పాఠం వెక్కిరించదగినదిగా తోచలేదు.

బ్రయాన్ ను సమర్థించడం నా ఉద్దేశం కాదు. సైన్సు పాఠాన్ని చట్టంతో నిషేధించడం అప్రజాస్వామికం. అతని ప్రయాణంలో జరిగిన మార్పును చూడమంటున్నాను. 1896లో వేలు బ్యాంకు వైపు చూపింది. 1925లో అదే వేలు నెలజీతపు బడిపంతులు వైపు తిరిగింది. బాధ నిజమైనదే, దాని చిరునామా మారింది. ఫండమెంటలిజం పనిచేసే తీరు నాకు తెలిసినంతలో ఇదే. ‘మతం మత్తుమందు’ అన్న ముక్కను పట్టుకుని, దానికి ముందు మార్క్స్ మతంలో వినిపించే నిజమైన బాధ గురించి చెప్పినదంతా వదిలేసేవాళ్ళకు ఇది అర్థం కాదు.

బూర్జువా సమాజశాస్త్రం కూడా ఇక్కడే బోల్తాపడింది. ఆధునికత పెరిగేకొద్దీ మతం తరుగుతుందని దశాబ్దాలపాటు పాఠం చెప్పారు. పీటర్ బెర్గర్ 1968లో, 21వ శతాబ్దం నాటికి విశ్వాసులు చిన్నచిన్న గుంపులుగా మాత్రమే మిగులుతారన్నాడు. 1999లో ఆయనే ఆ సిద్ధాంతం తప్పని ఒక సంపుటం వెలువరించాడు. ప్రొఫెసర్లకు అభిప్రాయం మార్చుకునే వెసులుబాటు ఉంటుంది. ఇరాన్ వామపక్షానికి అది దొరకలేదు. షా 1962లో మొదలుపెట్టిన భూసంస్కరణల తరవాత ఊళ్ళు విడిచి టెహరాన్ చేరిన పేదజనం మసీదులో తోడు వెతుక్కున్నారు. పారిస్ దగ్గరి పల్లె నుంచి ఖొమైనీ ప్రసంగాలు టెలిఫోన్ల మీద, క్యాసెట్లలో వాళ్ళ దగ్గరికి వచ్చాయి. తూదే పార్టీ సామ్రాజ్యవాద వ్యతిరేకత పేరుతో ఆయనను బలపరిచింది. 1983లో ఆ పార్టీని నిషేధించి, నాయకులను జైల్లో పెట్టారు.

మన దేశానికి వస్తే, తేదీలు పక్కపక్కన పెట్టి చూడటం చాలు. 1987 జనవరి నుంచి ఏడాదిన్నర పాటు దూరదర్శన్ రామాయణం. 1990 సెప్టెంబరులో సోమనాథ్ నుంచి బయల్దేరిన రథం ఒక టయోటా వాహనం. 1991 జులైలో కొత్త ఆర్థిక విధానాలు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత. ఒకదానికొకటి కారణమని యాంత్రికంగా చెప్పను. పెట్టుబడికి దేశం తలుపులు తెరిచిన ఆ రోజుల్లోనే సాటి పౌరుణ్ణి పరాయివాడిగా చూపించడం ఊపందుకుందన్నది మాత్రం విస్మరించరాని వాస్తవం.

ఇదంతా సాహిత్యకారులకు ఎందుకంటే, హైదరాబాద్ పక్కన చిలుకూరు బాలాజీ ఉన్నాడు. జనం వీసా దేవుడంటారు. మొక్కుకుంటూ 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. తిరిగేవాళ్ళలో చాలామంది ఇంజనీరింగు చదివినవాళ్ళు. వాళ్ళు ఛాందసులు కారు, ఫండమెంటలిస్టులూ కారు. ఏటేటా అమెరికా ప్రభుత్వం తీసే హెచ్-1బి లాటరీ, కౌంటరు అవతల రెండు నిమిషాల్లో జాతకం తేల్చే అధికారి – ఈ రెండిటి మధ్య నలిగేవాడికి దేవుడు కాక మరొకరు జవాబుదారీగా కనిపించడం లేదు. రేపు అతని బెంగను ఏ సంస్థ అందుకుని ఎవరి మీదికి తిప్పుతుందో తెలియదు. మన కథల్లో ఈ కుర్రవాడు ఎక్కడైనా తగిలితే వేళాకోళానికే తగులుతున్నాడు. కథకులు ప్రదక్షిణలు లెక్కపెడుతున్నారు. తండ్రి అమ్మిన పొలం ఎన్ని ఎకరాలో, కన్సల్టెన్సీ పుచ్చుకున్న కమీషన్ ఎంతో ఆ కథల్లో రాయలేదు.