క్యాతగానచెర్ల సేద్యము : పరిమితజలము, పంటల యెంపిక

మన గ్రామచరిత్రలలో దానశాసనములకును, పాళెగాండ్ర కలహములకును గల స్థానము, ఉన్న భూమిలో ఉన్న నీటితో ఏ పంట యెంత వేయవలెనని రైతు వేసికొనిన లెక్కకు లభింపలేదు. కాని కరవుసీమలలో గ్రామము నిలుచుటయో చెదరుటయో నిర్ణయించినది ఆ లెక్కయే. కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని క్యాతగానచెర్లు గ్రామము నాధారముగా గొని ఆ లెక్క చరిత్రను ఇచట పరిశీలింతము.

పావగడ తాలూకా పూర్వపు మైసూరు సంస్థానములోనిదైనను, అధికభాగము అనంతపురసీమచే చుట్టబడి యున్నది. ఇచటి పల్లెలలో తెలుగు ఇంటిభాషగా నిలిచినది. నాగలమడికె చెంత ఉత్తరపినాకిని ప్రవహించును గాని, ఏడాది పొడవున నీరిచ్చు నది కాదు. నేలలు ఎఱ్ఱనివి, వానలు స్వల్పములు, నమ్మరానివి. క్యాతగానచెర్లు, రాయచెర్లు అను పొరుగూళ్ల పేళ్లు వినినంతనే చెరువు స్ఫురించును. ఇట్టి సీమలో అది సహజము.

పూర్వకాలమున ఇచటి సేద్యమునకు మూడు జలాధారములుండెను: చెరువు, కపిలబావి, ఇసుకనేలలో త్రవ్వి ఊటనీటిని రాబట్టు తలపరిగె. చెరువు నీటిని వంతులవారీగా మళ్లోకి వదలు బాధ్యత నీరుగంటిది. చెరువు నిండిన యేట తడిభూమిలో వరి వేయుదురు. సగము నిండిన యేట వరిమళ్లు తగ్గించి తక్కువ తడి చాలు పైరుల నెంచుకొందురు. మెట్టలో రాగి, వాన ఆలస్యమైనచో ఉలవ. 1876-78 నాటి మహాక్షామమున ఈ యేర్పాటంతయు విఫలమయ్యెను. మైసూరు సంస్థాన జనసంఖ్య 1871 లెక్కలలో 50 లక్షలకు పైబడి యుండగా, 1881 నాటికి 42 లక్షలకు దిగినది. లెక్క తప్పినచో చెల్లింపవలసిన మూల్యమెట్టిదో దీనివలన గ్రహింపవచ్చును.

రైతు అనుభవముచే నెఱిగిన ఈ సమస్యకు గణితరూపము ఇరువదవ శతాబ్దమున లభించెను. 1939లో సోవియట్ గణితవేత్త కాంతరోవిచ్ లెనిన్‌గ్రాడ్‌లోని ప్లైవుడ్ సంస్థకు కలిగిన చిక్కును పరిశీలించి, పరిమితమైన యంత్రశక్తిని వేర్వేరు పనులకు పంచు పద్ధతిని నిరూపించెను. 1947లో అమెరికాలో డాంట్‌జిగ్ ఇట్టి సమస్యలకు సింప్లెక్స్ అను సాధనమార్గమును కల్పించెను. ఈ శాఖలోని కృషికిగాను కాంతరోవిచ్, కూప్‌మన్స్ అను నిరువురకు 1975లో అర్థశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

దీని సారము నొక కల్పితోదాహరణముచే చూపెదను. ఒక యూరిలో 60 ఎకరముల భూమి, 100 కొలతల నీరు కలవనుకొందము. ఎకరము వరికి 3 కొలతల నీరు పట్టును, లాభము 90 రూపాయలు. ఎకరము వేరుసెనగకు 1 కొలత చాలును, లాభము 50 రూపాయలు. ఎకరమును బట్టి చూచిన వరి మేలు. నీటికొలతను బట్టి చూచిన వేరుసెనగ మేలు. అంతయు వరియే వేసిన, 33⅓ ఎకరములకే నీరు చాలి 3,000 రూపాయలు వచ్చును. అంతయు వేరుసెనగయే వేసినను 3,000 రూపాయలే. 40 కొలతల నీరు మిగిలిపోవును. 20 ఎకరములు వరియు, 40 ఎకరములు వేరుసెనగయు వేసినచో భూమియు, నీరును పూర్తిగా వినియోగమై 3,800 రూపాయలు చేకూరును. కావున ఏది కొఱతయో దానిని బట్టి పంటల పాళ్లు మారవలెను.

చరిత్రలో ఆ పాళ్లు క్రమముగా చెదరినవి. చెరువులు పూడుకొనిపోయినవి, గొట్టపుబావులు మొదట నీటిని విరివిగా నిచ్చి, పిదప భూగర్భజలమును అడుగంటించినవి. అనంతపురసీమ యందువలెనే ఇచటను వేరుసెనగ మెట్టభూములను ఆక్రమించెను. రొక్కము నిచ్చు పైరగుటచే అది రైతును ఆకర్షించినది. కాని అన్ని మళ్లలో నొకే పైరున్నచో, కాయ యూరు వేళ వాన తప్పిన, నష్టమును పూడ్చుటకు మఱియొక పైరుండదు. వెనుకటి రాగి, ఉలవలు లాభమునకంటె రక్షణకే ఎక్కువగా నుపకరించినవని ఇప్పుడు తెలియుచున్నది.

ఇట్టి స్థితిలో క్రొత్త పంట వచ్చినది, అది యెండ. 2015లో ఏర్పడిన కర్ణాటక సౌరవిద్యుదభివృద్ధి సంస్థ తిరుమణి, బాలసముద్ర, వళ్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరముల భూమిని కొనక కౌలుకు గైకొనెను. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు కౌలు. రెండేండ్లకొకసారి నూటికి 5 వంతున పెరుగుదల. మొదటి భాగము 2018 మార్చి 1న ప్రారంభింపబడినది. 2019 డిసెంబరునాటికి 2,050 మెగావాట్ల శక్తి సమకూడెను. ఫలకములను కడుగుటకు దక్క ఈ పంటకు నీటి యవసరము లేదు.

రైతులేల అంగీకరించిరో మన యుదాహరణమే చెప్పును. కరవున నీరు 50 కొలతలకు తగ్గినచో, వేరుసెనగయే వేసినను 10 ఎకరములు బీడు పడును. అప్పుడు అదనపు ఎకరమునకు విలువయే లేదు. ఎంత కౌలు వచ్చినను లాభమే. నీరు 100 కొలతలున్న యేట ఒక ఎకరము పోయినచో, మిగిలిన నీటితో అర ఎకరము వేరుసెనగ వరిగా మారును గనుక, నష్టము 30 రూపాయలు మాత్రమే. ఇట్లు 26⅔ ఎకరముల వరకు జరుగును. ఆపై మిగిలినదంతయు వరిభూమి. ఒక్కొక్క ఎకరము పోయిన 90 రూపాయల నష్టము. కౌలు 50 రూపాయలైనచో 26⅔ ఎకరములను ఇచ్చుట లాభము, అన్నియు ఇచ్చుట నష్టము. ఒక రైతుకు సరియైన లెక్క ఊరంతటికిని అన్వయించినపుడు తప్పిపోవుట ఇట్లే సంభవించును.

మఱియు ఈ లెక్కలో కనబడనివారు కలరు. భూమిగలవానికి కౌలు వచ్చును. కూలివానికి కలుపుతీతయు, కాయకోతయు పోయినవి. గొఱ్ఱెలకాపరికి బీడు పోయినది. పూర్వము ఒక ఎకరము వేరుసెనగ యజమానికి లాభమును, కూలికి పనిని, పశువునకు మేతను ఒక్కమారే యిచ్చుచుండెను. లాభమును మాత్రమే లెక్కగొని తక్కిన రెంటిని విడిచిన గణితము తప్పు కాదు, అసంపూర్ణము. కౌలుభూముల చుట్టునున్న చేలలో చెరువు పూడికతీతయు, చిరుధాన్యముల పునరుద్ధరణయు జరిగినచో, మిగిలిన నీరు మిగిలిన భూమికి చాలును. కూలికిని పని దొరకును.

నీరుగంటి వంతుల పద్ధతిలో ఒక వివేకము కలదు: నీరెంత యున్నదో చూచిన పిమ్మటనే ఆ యేటి పైరు నిశ్చయింతురు. ఏటేట జరుగవలసిన ఆ నిర్ణయము ఈనాడు దీర్ఘకాలపు కౌలుపత్రమునకు లోబడినది. ఆ గడువు ముగిసిననాడు ఈ భూమిని తిరిగి దున్నుటకు ఎడ్లును, చేతులును, విత్తనములును ఊరిలో మిగిలియుండవలెను. అవి నశింపకుండ కాపాడుకొనుట ఈ తరమువారి విధి.